దిక్కు మరవని పొర

మధురానగర్ మెట్రో స్టేషన్‌లో దిగి అమీర్‌పేట వైపు నడిస్తే, మైత్రీవనం చేరేలోపు ‘క్లౌడ్’ అన్న మాట ఎన్ని బ్యానర్ల మీద కనబడుతుందో లెక్కపెట్టడం కష్టం. జిల్లాల నుంచి వచ్చి, హాస్టళ్లలో ఉండి, నాలుగు నెలల్లో నేర్చుకుపోయే ఈ విద్యకు పేరులో మేఘం ఉంది గానీ సరుకంతా నేల మీదే ఉంది. అమెజాన్ తన క్లౌడ్ కేంద్రాలను హైదరాబాద్‌లో తెరిచింది 2022 నవంబరులో. ఇలాంటి డేటా కేంద్రాల్లో, ప్రపంచంలో ఎక్కడైనా సరే, పెద్ద మొత్తాల్లో దాచే సమాచారం ఇప్పటికీ చాలావరకు హార్డ్‌డిస్క్‌ల మీదే ఉంటుంది. హార్డ్‌డిస్క్ అంటే అయస్కాంతం. తిరిగే పళ్లెం మీద పది నానోమీటర్లకు అటూఇటూ ఉండే లోహపు రేణువులు కోట్లకు కోట్లు పరిచి ఉంటాయి. అవి పైకి చూస్తున్నాయా, కిందికి చూస్తున్నాయా అన్నదాన్ని బట్టే మన ఒకట్లూ సున్నాలూ. రేణువును ఇంకా చిన్నది చేస్తే ఎక్కువ పడుతుంది, పొరను ఇంకా పలచన చేస్తే తక్కువ చోటు చాలుతుంది. అలా పలచన చేసుకుంటూ పోయి ఒక్క పరమాణు పొర దగ్గర ఆగితే, అది ఇంకా అయస్కాంతంగానే ఉంటుందా? అరవైల నుంచి చాలామంది నమ్ముతూ వచ్చిన జవాబు ‘ఉండదు’ అనే. 2017లో వచ్చిన జవాబు ‘ఉంటుంది’. జవాబు మారిందన్న వార్త కంటే, ఎందుకు మారిందన్నదే నాకు ముఖ్యంగా తోస్తుంది.

అయస్కాంతం అనగానే మనకు గుర్తొచ్చేది బలం: మేకును ఎంత దూరం నుంచి లాగుతుంది, ఎంత బరువు మోస్తుంది. సమాచారం దాచేవాడికి ఆ బలంతో పెద్దగా పని లేదు. పైకి పెట్టిన రేణువు పదేళ్ల తర్వాత కూడా పైకే చూస్తుండాలి, అంతే. గది వేడిమికి పరమాణువులన్నీ నిత్యం కుదుపుతూనే ఉంటాయి; ఆ కుదుపు రేణువును తిరగేయకుండా ఉండాలంటే, దిక్కు మార్చుకోవడానికి కావలసిన శక్తి ఆ వేడి కుదుపు శక్తికి నలభై నుంచి అరవై రెట్లు ఉండాలని హార్డ్‌డిస్క్ ఇంజనీర్ల లెక్క. ఒక స్ఫటికంలో అయస్కాంతత్వం కొన్ని దిక్కుల వైపు మొగ్గి, మిగతా దిక్కుల్లోకి తిరగడానికి మొరాయించే గుణాన్ని భౌతికశాస్త్రంలో అనైసోట్రోపీ అంటారు. ఇక్కడ దాన్ని ‘దిక్కుపట్టు’ అందాం. నా వాదన ఇది: ఒక్క పొర అర్ధవాహకం అయస్కాంతంగా నిలుస్తుందా లేదా అన్నది తేల్చేది అందులోని పరమాణువులు ఒకదాన్నొకటి ఎంత గట్టిగా పట్టుకున్నాయన్న సంగతి కాదు, అన్నీ కలిసి దిక్కును ఎంత గట్టిగా పట్టుకున్నాయన్నదే. రెండింటికీ తేడా చిన్నదే అనిపించవచ్చు. ప్రయోగాలు మాత్రం ఆ తేడా మీదే తీర్పు చెప్పాయి.

ముందు పొరల సంగతి. నెల్లూరు దగ్గరి గూడూరు ప్రాంతం వాళ్లకు ఇది కొత్తగా చెప్పనక్కర్లేదు. అక్కడి గనుల్లో దొరికే అభ్రకాన్ని గోటితో గీరితే రేకులు రేకులుగా ఊడొస్తుంది. ఒక్కో రేకు లోపల పరమాణువులు గట్టి బంధాలతో అల్లుకుని ఉంటాయి. రేకుకీ రేకుకీ మధ్య ఉన్నది బలహీనమైన పట్టు, అందుకే విడిపోతాయి. పెన్సిల్‌లోని గ్రాఫైట్‌దీ అదే కథ. 2004లో మాంచెస్టర్‌లో గైమ్, నొవోసెలోవ్‌లు గమ్ టేపుతో గ్రాఫైట్‌ను ఒలుస్తూ పోయి ఒక్క పొర గ్రాఫీన్‌ను చేతికి తెచ్చారు. ఆ తర్వాత ఇదే టేపు పద్ధతిని పొరలుండే రకరకాల స్ఫటికాల మీద ప్రయోగించారు. మాలిబ్డినం సల్ఫైడ్‌తో సహా ఎన్నో అర్ధవాహకాలు ఇలా ఒక్క పొరగా ఊడొచ్చాయి. వాటిలో ఒకటైన, క్రోమియం, అయొడిన్ కలిసిన క్రోమియం ట్రైఅయొడైడ్ పొర మందం సుమారు 0.7 నానోమీటర్లు. మామూలు కాగితం మందంలో అలాంటి పొరలు లక్షా నలభై వేల దాకా పడతాయి. వెండి రేకు కూడా దీని ముందు దుప్పటి.

ఇంత పలచటి దానిలో అయస్కాంతత్వం ఉండదని ఎందుకనుకున్నారు? జర్మనీలో ఎర్నెస్ట్ ఈజింగ్ 1925లో ఒక సులువైన నమూనాను లెక్కగట్టాడు: ప్రతి పరమాణువూ ఒక చిన్న అయస్కాంతం, అది పైకైనా చూడాలి, కిందికైనా చూడాలి, మధ్యేమార్గం లేదు. వాటిని ఒకే వరుసలో నిలబెడితే ఏ కాస్త వేడికైనా క్రమం చెదిరిపోతుందని లెక్క తేలింది. ఈజింగ్ నిరుత్సాహపడి, తలాల్లో కూడా ఇంతేనని అనుకున్నాడు. పొరబాటు. 1936లో పయర్ల్స్ తలంలో క్రమం నిలుస్తుందని చూపాడు, 1944లో ఆన్సాగర్ పూర్తి లెక్క చేసి పెట్టాడు. అయితే నిజమైన పరమాణువులకు పైనా కిందా అన్న రెండు దిక్కులే ఉండవు కదా, ఏ వైపైనా తిరగగలవు కదా అన్న సందేహం మిగిలింది. ఆ సందేహానికి 1966లో మెర్మిన్, వాగ్నర్ ఇచ్చిన సమాధానం కఠినంగా ఉంది: స్పిన్‌లకు, అంటే పరమాణువుల్లోని ఆ చిన్న అయస్కాంతాలకు, అన్ని దిక్కులూ సమానమైతే, ఇరుగుపొరుగు మధ్యే లావాదేవీలుంటే, సున్నా కెల్విన్‌కు కాస్త పైన కూడా తలంలో అయస్కాంత క్రమం నిలవదు.

దీని వెనక ఉన్న తర్కం పొద్దున్నే అమీర్‌పేట మెట్రో గేటు ముందు క్యూ కట్టినవాళ్లతో చెప్పుకోవచ్చు. ప్రతి మనిషీ తన ముందున్నవాడి కంటే ఒక్క డిగ్రీ మాత్రమే పక్కకు తిరిగాడనుకోండి. ఎవరికీ తేడా తెలియదు, ఎవరి మెడా నొప్పెట్టదు. కానీ నూట ఎనభై మంది దాటాక నిలబడినవాడు పూర్తిగా వెనక్కి తిరిగి ఉంటాడు. ఇందులో ఇంకో కిటుకుంది. ఇరుగుపొరుగు మధ్య కోణం సగమైతే దానికయ్యే శక్తి ఖర్చు నాలుగో వంతుకు పడిపోతుంది. కాబట్టి అదే మెలికను రెట్టింపు మంది మీద పరిస్తే మొత్తం ఖర్చు సగమే. ఎంత నిదానంగా తిరిగితే అంత చవక. మూడు దిక్కులా ఇరుగుపొరుగున్న ఘన స్ఫటికంలో ఇలాంటి నిదానపు మెలికలకు పగ్గం పడుతుంది. ఒకే తలంలో మాత్రం అవి కాస్త వేడికే పుట్టుకొచ్చి, పోగై, దూరానున్న పరమాణువు దిక్కుకీ ఇక్కడున్న దాని దిక్కుకీ సంబంధం తెంచేస్తాయి. పట్టు ఎంత బలమైనదైనా ఈ ఫలితం మారదు. చెదరడం ఎంత దూరాన మొదలవుతుందన్నదే మారుతుంది. ఇప్పుడు అదే క్యూలో ‘పక్కకు చూసిన ప్రతివాడికీ జరిమానా’ అని నియమం పెట్టండి. మెలిక తిరగాలంటే మధ్యలో చాలామంది పక్కకు చూడక తప్పదు, అందరి జరిమానా కట్టాలి. నిదానంగా తిరగడం ఇక చవక బేరం కాదు. దిక్కుపట్టు చేసే పని అదే. సిద్ధాంతం అబద్ధం కాలేదు, అది పెట్టిన షరతు తప్పిపోయింది.

2017లో నేచర్ పత్రికలో ఒకేసారి రెండు వ్యాసాలు వచ్చాయి. వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో షియాదొంగ్ షు, ఎంఐటీలో పాబ్లో హరీయో-ఎర్రేరో బృందాలు కలిసి క్రోమియం ట్రైఅయొడైడ్ ఒక్క పొర కూడా ఫెర్రో అయస్కాంతమేనని, అంటే అందులో స్పిన్‌లన్నీ ఒకే వైపు చూస్తాయని చూపాయి. ఘన స్ఫటికంలో 61 కెల్విన్ల దాకా నిలిచే క్రమం ఒక్క పొరలో 45 కెల్విన్ల దాకా నిలిచింది. కొలవడానికి వాడింది కాంతిని: అయస్కాంతపు ఉపరితలం మీద పడి తిరిగొచ్చే కాంతి ధ్రువణ తలం కొద్దిగా మెలి తిరుగుతుందని జాన్ కెర్ 1877లో కనిపెట్టాడు, అదే ఇక్కడ అక్కరకొచ్చింది. రెండో వ్యాసం బర్క్‌లీలో షియాంగ్ జాంగ్ బృందానిది. వాళ్లు తీసుకున్నది క్రోమియం, జెర్మేనియం, టెల్లూరియం స్ఫటికం. దానిలో దిక్కుపట్టు చాలా తక్కువ. రెండు పొరలకు దిగేసరికి క్రమం 30 కెల్విన్ల దగ్గరే చెదిరింది. పైగా బయటి నుంచి చిన్న అయస్కాంత క్షేత్రం పెడితే చాలు, చెదిరే ఉష్ణోగ్రత గణనీయంగా పైకి జరిగింది. అంటే స్ఫటికానికి సొంతంగా లేని జరిమానాను బయటి క్షేత్రం విధించిందన్న మాట. నా దృష్టిలో ఆ ఏడాది వచ్చిన అసలు సాక్ష్యం ఇదే, మొదటి వ్యాసానికి దక్కినంత పేరు దీనికి దక్కకపోయినా.

ఒక అభ్యంతరం వెంటనే రావాలి. క్రోమియం క్లోరైడ్, బ్రోమైడ్, అయొడైడ్ మూడింటిలోనూ అయస్కాంతత్వం ఇచ్చేది క్రోమియమే. హాలోజన్ బరువెక్కే కొద్దీ క్రమం నిలిచే ఉష్ణోగ్రత పెరుగుతుంది. క్లోరైడ్‌లో 15 కెల్విన్ల చుట్టుపక్కల, బ్రోమైడ్‌లో 35 దగ్గర, అయొడైడ్‌లో 61. బరువైన అయొడిన్ దగ్గర ఎలక్ట్రాన్ స్పిన్‌కూ దాని పరిభ్రమణానికీ ముడి గట్టిగా పడుతుంది, ఆ ముడే దిక్కుపట్టును ఇస్తుంది. నిజమే, కానీ హాలోజన్ మారితే పరమాణువుల మధ్య పట్టు కూడా పెరుగుతుంది కదా, ఏది ఎంత పని చేసిందో ఎలా విడదీస్తాం? ఈ ముగ్గురు అన్నదమ్ముల్ని చూసి విడదీయలేం. విడదీయాలంటే బలం ఎక్కువ, దిక్కుపట్టు తక్కువ ఉన్న స్ఫటికం ఒకటి, దానికి తలకిందులుగా ఉన్నది ఇంకొకటి కావాలి. ప్రకృతి అలాంటి జంటను ఇచ్చింది. ఇనుము, ఫాస్ఫరస్, గంధకం కలిసిన స్ఫటికం ఒకటి. అందులో ఇనుము స్థానంలో నికెల్ ఉన్నది రెండోది. రెండూ అర్ధవాహకాలే, రెండూ పొరలుగా ఊడొచ్చేవే, రెండింటిలోనూ పక్కపక్క స్పిన్‌లు ఎదురెదురుగా సర్దుకుంటాయి. ఘన రూపంలో నికెల్‌దే పైచేయి: దాని క్రమం 155 కెల్విన్ల దాకా నిలుస్తుంది, ఇనుముది 118 దాకానే. కానీ ఇనుము స్పిన్‌లకు పైకీ కిందికీ తప్ప వేరే దిక్కు పట్టదు, నికెల్ స్పిన్‌లు తలంలో ఇంచుమించు స్వేచ్ఛగా తిరుగుతాయి. ఒక్క పొరకు దిగాక ఏమైంది? ఇనుముది దాదాపు అదే 118 దగ్గర నిలిచిందని 2016లో తేలింది. నికెల్‌లో క్రమం ఒక్క పొర దగ్గర అణిగిపోయిందని 2019లో కొరియా పరిశోధకులు ప్రకటించారు. ఎక్కువ బలమున్నది పోయింది, దిక్కుపట్టున్నది మిగిలింది. ఇంతకంటే శుభ్రమైన పరీక్ష దొరకడం అరుదు.

ఈ రెండు ప్రయోగాల్లోనూ కొలత పరికరం రామన్ పటం (స్ఫటికం చెదరగొట్టిన కాంతిలోని గీతల పటం) కావడం తెలుగు పాఠకుడికి ఆసక్తి కలిగించాల్సిన విషయం. ఎదురెదురు స్పిన్‌లు ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి కాబట్టి ఈ పొరల్లో బయటికి కనిపించే అయస్కాంతత్వం ఉండదు, కెర్ పద్ధతి పనికిరాదు. ఇనుము స్ఫటికంలో స్పిన్‌ల అమరిక కుదిరినప్పుడు స్ఫటికపు ప్రమాణ గది పెద్దదై, రామన్ పటంలో కొత్త గీతలు పుడతాయి. వాటి రాకే అయస్కాంతత్వానికి సాక్ష్యం. ఏ సౌష్ఠవానికి ఏ గీత పుట్టాలో చెప్పేది గ్రూపు సిద్ధాంతం. ఈ మూడు దారులూ, అంటే స్ఫటికాల దిక్కుపట్టు, రామన్ పటం, సౌష్ఠవ గణితం, ఒకే మనిషి జీవితంలో కలిశాయి. అప్పటి కృష్ణా జిల్లా ఆగిరిపల్లిలో 1909లో పుట్టి, నిజాం కాలేజీలో చదివి, 1928లో కలకత్తాలో రామన్ దగ్గర చేరిన సూరి భగవంతం 1929లో ప్రచురించిన తొలినాళ్ల వ్యాసాల్లో ఒకటి నాఫ్తలీన్ స్ఫటికం ఒక్కో దిక్కులో ఒక్కోలా అయస్కాంతానికి స్పందిస్తుందన్నదాని మీద. బట్టల బీరువాలో వేసే కలరా ఉండల పదార్థమే అది. ఆ తర్వాత ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఉండగా వెంకటరాయుడితో కలిసి గ్రూపు సిద్ధాంతం మీద పుస్తకం రాశారు. 1952 నుంచి 1957 దాకా ఉస్మానియా ఉపకులపతి. 1964లో పి.వి. పంతులుతో కలిసి అయస్కాంత స్ఫటికాల సౌష్ఠవం మీద వ్యాసం ప్రచురించారు. స్ఫటిక సౌష్ఠవం మీద ఆయన పుస్తకం వచ్చిన 1966లోనే మెర్మిన్, వాగ్నర్ల సిద్ధాంతం కూడా వచ్చింది. నాఫ్తలీన్‌లో ఆయన కొలిచిన గుణం, క్రోమియం అయొడైడ్‌లోని దిక్కుపట్టు ఒకటే అనడం తప్పు. మొదటిది డయా అయస్కాంతపు బలహీన స్పందన, రెండోది ఫెర్రో అయస్కాంతపు పట్టు. కానీ పదార్థాన్ని ‘ఎంత’ అని కాకుండా ‘ఏ దిక్కున ఎంత’ అని అడిగే అలవాటు ఒకటే. మన భౌతికశాస్త్ర పాఠ్యపుస్తకాల్లో భగవంతానికి ఒక పేరా కూడా దొరకడం కష్టమన్నది వేరే బాధ.

రెండో అభ్యంతరం మరింత పదునైనది. మెర్మిన్, వాగ్నర్ సిద్ధాంతం అనంతమైన తలానికి వర్తిస్తుంది. ప్రయోగశాలలో ఒలిచిన ముక్క కొన్ని మైక్రోమీటర్లే. మెలికలు పోగయ్యే వేగం లాగరిథమ్ లెక్కన చాలా మందకొడి, కాబట్టి దిక్కుపట్టు ఏ మాత్రం లేకపోయినా ఆ చిన్న ముక్కలో క్రమం కనిపిస్తుందని 2022లో నేచర్ కమ్యూనికేషన్స్‌లో వచ్చిన ఒక అధ్యయనం కంప్యూటర్ లెక్కలతో వాదించింది. వాదన సరైనదే, ఒప్పుకోవాల్సిందే. కానీ అలాంటి ముక్కలో స్పిన్‌లన్నీ కలిసి ఒక వైపు చూస్తున్నా, ఆ వైపు ఏదో స్థిరంగా ఉండదు. గాలికోడి మీది బాణంలా మొత్తం దిక్కు కాలంతో తిరుగుతూ పోతుంది. కలిసి ఉండటం వేరు, ఒక దిక్కున ఉండటం వేరు. సమాచారం దాచాలంటే రెండోదే కావాలి. కాబట్టి ఈ అధ్యయనం నా వాదనను కొట్టేయకుండా దాని సరిహద్దు ఎక్కడో చూపిస్తోంది. క్రమం చెదిరే తీరు కూడా పరమాణువుల బలాబలాలను పట్టించుకోదని, మితులెన్ని, స్పిన్‌కు స్వేచ్ఛ ఎన్ని దిక్కుల్లో అన్నదే పట్టించుకుంటుందని ఘన స్ఫటికాల విషయంలో ఎప్పటినుంచో తెలుసు. హైదరాబాద్ విశ్వవిద్యాలయం నుంచి ఎస్.ఎన్. కౌల్ 1985లో రాసిన సమీక్ష ఈ రంగంలో ఇప్పటికీ ఉదహరించేదే.

మూడోది అభ్యంతరం అనడం కంటే ప్రలోభం అనాలి. గది ఉష్ణోగ్రతలోనే అయస్కాంతమైన ఒక్క పొర దొరికిందన్న వార్తలు మధ్యమధ్య వస్తుంటాయి. 2018లో వెనేడియం సెలెనైడ్ ఒక్క పొర గది వేడిమిలో ఫెర్రో అయస్కాంతమని ప్రకటన వచ్చింది. తర్వాత వేరే ప్రయోగశాలలు సొంత అయస్కాంతత్వం లేదని, ఎలక్ట్రాన్ సాంద్రతలో పుట్టే తరంగమే అక్కడ రాజ్యమేలుతోందని చూపాయి. మాలిబ్డినం సల్ఫైడ్‌లో లోపాల వల్ల అయస్కాంతత్వం పుట్టిందన్న ప్రకటనలూ చాలానే ఉన్నాయి. ఇలాంటివి చదివేటప్పుడు గుర్తుంచుకోవాల్సింది ఏమిటంటే, ఒక్క పొరలోని పదార్థం ఎంత తక్కువంటే, స్టీలు పట్టకారు అంచు నుంచి రాలిన కంటికి కనబడని ఇనుప నలుసు దాన్ని మించిన సంకేతం ఇవ్వగలదు. బలాన్ని మాత్రమే కొలిచే పరికరానికి ఆ నలుసుకీ పొరకీ తేడా తెలియదు. స్ఫటికపు అక్షాలతో ముడిపడిన దిక్కును కొలిస్తే తెలుస్తుంది, నలుసుకు ఆ అక్షాలతో పని లేదు కాబట్టి.

చలి మాటేమిటి? 45 కెల్విన్లంటే సున్నా సెల్సియస్‌కు 228 డిగ్రీల దిగువ. హైదరాబాద్ వేసవి 313 కెల్విన్లు. అయొడైడ్ పొర గాలి తగిలితే నిమిషాల్లో పాడవుతుంది కూడా. ఆర్గాన్ నింపిన పెట్టెలో ఒలిచి, బోరాన్ నైట్రైడ్ పొరల మధ్య కప్పెట్టి కొలవాలి. దీన్ని చూసి ఇదంతా ప్రయోగశాల ఆటబొమ్మ అనేవాళ్లున్నారు. పూర్తిగా కొట్టేయలేం. ఐతే దారి ఎటు పోతోందో చూడాలి. క్రోమియం సల్ఫైడ్ బ్రోమైడ్ అనే అర్ధవాహకం 132 కెల్విన్ల దాకా క్రమం నిలుపుకుంటుంది, ఒక్క పొర అంతకంటే కాస్త ఎక్కువే నిలుస్తుంది, గాలికి తట్టుకుంటుంది. ద్రవ నైట్రోజన్ 77 కెల్విన్లకే మరుగుతుంది కాబట్టి ఖరీదైన హీలియం అక్కర్లేదు. ఇనుము, గాలియం, టెల్లూరియం స్ఫటికం 350 కెల్విన్లు దాటి కూడా అయస్కాంతంగా ఉంటుందని 2022లో ప్రకటించారు, దిక్కుపట్టూ గట్టిదే. కానీ అది లోహం. అర్ధవాహకంలో ఎలక్ట్రాన్లు కొద్ది కాబట్టి బయటి నుంచి విద్యుత్ వోల్టేజి పెట్టి వాటి సంఖ్య మార్చవచ్చు, దానితో అయస్కాంతత్వాన్నీ మార్చవచ్చు. రెండు పొరల క్రోమియం అయొడైడ్‌లో 2018లో అది చేసి చూపారు. లోహంలో అంత సులువు కాదు. గది వేడిమి దగ్గరకు చేరిన రేసులో లోహాలు ముందున్నాయి, అర్ధవాహకాలు వెనకపడ్డాయి. ఈ తేడాను దాచిపెట్టి రాసే వార్తలే ఎక్కువ.

పొరల మధ్య జరిగేది మరో వింత. అయొడైడ్ రెండు పొరలను పేరిస్తే పై పొర ఒక వైపు, కింది పొర దానికి ఎదురు వైపు చూస్తాయి, మొత్తం సున్నా. 0.65 టెస్లా క్షేత్రం పెడితే రెండూ ఒకే వైపు తిరుగుతాయి. ఎమ్మారై యంత్రంలో మామూలుగా వాడే 1.5 టెస్లాలో ఇది సగం కూడా కాదు. పై పొరను కింది పొర మీద కొద్దిగా జరిపితే, ఎదురు చూడటం ఒకే వైపు చూడటంగా మారిపోతుంది. బరువు పెట్టి నొక్కినా అంతే. ఇలాంటి పొరలను గ్రాఫీన్ రేకుల మధ్య పెట్టి కరెంటు పంపితే, స్పిన్‌ల అమరికను బట్టి నిరోధం 19,000 శాతం దాకా మారుతుందని 2018లో సైన్స్ పత్రికలో చూపారు. పోలిక కోసం, గది వేడిమిలో ఇలాంటి మార్పును 1995లో ఎంఐటీలో జగదీశ్ మూడేర బృందం తొలిసారి నమ్మదగ్గట్టు చూపినప్పుడు అది పన్నెండు శాతానికి లోపే. హార్డ్‌డిస్క్ చదివే సూదిమొనకు దారి తీసింది ఆ పన్నెండు శాతమే. పందొమ్మిది వేలు మాత్రం గడ్డకట్టే చలిలో వచ్చిన సంఖ్య. రెండు సంఖ్యలనూ పక్కపక్కన పెట్టి ఇదే గొప్పదనడం మోసం. మొదటిది పని చేసే పరికరం, రెండోది పని చేసే సూత్రం.

కాబట్టి ఒక్క పొర అయస్కాంతం రేపే వచ్చి హార్డ్‌డిస్క్‌ను తరిమేస్తుందనడం నేను నమ్మను. హైదరాబాద్ కాంచన్‌బాగ్‌లోని రక్షణ లోహ పరిశోధనశాల దశాబ్దాలుగా అరుదైన మృత్తికల అయస్కాంతాల మీద చేస్తున్న పని అవసరం ఇంకా చాలాకాలం ఉంటుంది. మోటారు తిప్పాలంటే గట్టి ముక్కే కావాలి, పొర చాలదు. గోపన్‌పల్లిలోని టాటా మౌలిక పరిశోధన సంస్థలో పలచటి పొరల పదార్థాల మీద పని సాగుతోంది. అయస్కాంతం తెలిసినవాళ్లు, పొరలు ఒలవడం తెలిసినవాళ్లు ఒకే నగరంలో ఉన్నారు. ఇక పాఠకులకు ఒక మాట. ‘గది ఉష్ణోగ్రతలో ఒక్క పొర అయస్కాంతం’ అన్న శీర్షిక ఈసారి కనబడితే, ఎన్ని డిగ్రీలన్నది తర్వాత చూడండి. అది లోహమా, అర్ధవాహకమా, స్పిన్‌లు స్ఫటికంలో ఏ దిక్కును పట్టుకున్నాయి, ఆ దిక్కును ఎలా కొలిచారు అన్నది ముందు వెతకండి. వార్తలో ఈ మూడూ లేకపోతే, వేరే ప్రయోగశాల ఏదైనా మళ్లీ చేసి చూసేదాకా నమ్మకుండా ఆగండి.